బాపు సోడ సీస

నన్ను కన్న అవ్వ పోయిన ఆరు నెలలకు గాని ఆమె రేకుల సందుగ తెరవడానికి నాకు చేతులు రాలేదు. మడత విప్పని రెండు చీరెలు, బాపు కట్టుకున్న ఎర్రంచు ధోవతి, వాటి నడుమ తువ్వాలలో చుట్టి పెట్టిన ఒక గాజు సీస. మూత తుప్పు పట్టింది, సీస మెడ దగ్గర తెల్లటి పొర గట్టిపడి ఉంది. చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను. ఖానాపూర్ బస్టాండు ముందర బాపు మిర్చి బండి మీద, ఉప్పు డబ్బ పక్కన ఎప్పుడూ ఉండే సోడ సీస అది. మూత బలవంతంగా తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తినే సోడాకు వాసన ఉండదు. ఆ మాట కరీంనగర్ బడిలో పదో తరగతి పిల్లలకు ఏటా చెప్పి జీతం తీసుకునేదాన్ని నేనే. అయినా వాసన చూశాను. ఏమీ రాలేదు. రాదని తెలిసి కూడా చాలాసేపు దాన్ని పట్టుకొని కూర్చున్నాను.

నాకు బుద్ధి తెలిసేనాటికి బాపుది మిర్చి బండి. నిర్మల్ బస్సు, మంచిర్యాల బస్సు ఆగే చోట, వేపచెట్టు నీడలో, నాలుగు సైకిలు చక్రాల మీద నిలబెట్టిన చెక్క బండి. వానకాలం వచ్చిందంటే కడెం వాగు పొంగి బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయేవి, తడిసిన జనం బండి చుట్టూ మూగేవారు, పొయ్యి మీద కడాయిలో నూనె సలసల కాగేది, వామూ చింతపండూ కూరిన పొడుగు మిరపకాయలు శనగపిండిలో మునిగి నూనెలోకి జారేవి. జారిన మరుక్షణం అవి ఒళ్ళు విరుచుకున్నట్టు ఉబ్బి పైకి తేలేవి. బండి కింద గోనెసంచి మీద కూర్చొని పాత పేపర్లు చింపి ఇచ్చే పని నాది. ఆ కూర్చున్న చోటి నుంచి నాకు కనపడేది బాపు ముఖం కాదు, చేతులు. ఉప్పు గుప్పిట్లో తీసేవాడు, కారం గంటెతో వేసేవాడు, సోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి నిదానమయ్యేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి ఇంత పట్టుకొని, పిండి మీద చల్లి, ఆ వేళ్ళను ఒకసారి పంచెకు రుద్దుకునేవాడు.

నేనూ వేస్తానని ఏడ్చేదాన్ని. ఆయన నా చెయ్యి పట్టుకొని తన చేతి మీద పెట్టి కొలిచి చూపించేవాడు.

"నీ చెయ్యి నా చెయ్యంత అయినంక ఎయ్యి బిడ్డా. గప్పటిదాక గా సీస ముట్టద్దు."

పిట్ట కొంచెం కూత ఘనం అని సోడాను చూపించి అంటుండేవాడు. అది ఎక్కువైతే బజ్జీ నూనె తాగి ఎర్రబడుతుందనీ, నాలుకకు సబ్బు తగిలినట్టు ఉంటుందనీ కూడా చెప్పే ఉంటాడు, బండి మీద మిర్చీలు చేసే మనిషి ఆ సగం మాట చెప్పకుండా ఉండడు. కాని పిల్లల చెవికి వాళ్ళకు కావలసిన సగమే ఎక్కుతుంది. సోడేస్తే పొంగుతుంది, అంతే నాకు గుర్తుండిపోయింది.

ఒకసారి కడాయిలో నూనె అంటుకుంది. బండి ఎత్తున మంట లేచింది, బస్సు దిగినవాళ్ళు నీళ్ళు నీళ్ళు అని అరుస్తూ బిందె ఎత్తుకొచ్చారు. బాపు వాళ్ళను చేత్తోనే ఆపి, సీస తలకిందులు చేసి గుప్పెడు సోడ మంట మీద కొట్టాడు. మంట నోరు మూసినట్టు ఆగిపోయింది. వేడి తగిలితే సోడాలోంచి వచ్చే బొగ్గుపులుసు గాలి మంటకు ఊపిరాడనివ్వదని ఇప్పుడు నల్లబల్ల మీద రాసి చెబుతాను. ఆ రోజు మాత్రం మా బాపు చేతిలో ఏదో విద్య ఉందని నమ్మి, రెండు రోజుల పాటు వాడకట్టు పిల్లలందరికీ ఆ కథే చెప్పుకుంటూ తిరిగాను.

ఇంట్లోనూ ఆ సీస లేకుండా పొద్దు గడిచేది కాదు. మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు, వాటిలో కందిపప్పు పొద్దంతా ఉడికినా పలుకుగానే ఉండేది, అవ్వ చిటికెడు సోడ వేస్తే మెత్తబడి, అంచున పసుపు పడ్డ చోట కొంచెం ఎర్రబడేది. పులిసిన దోశె పిండికి సోడ, నానబోసిన శనగలు గుడాలు చేస్తే సోడ, కందిరీగ కుట్టిన చోట తడిపిన సోడ, మా తమ్ముడి బడి డబ్బా కంపు కొడితే రాత్రి నానబెట్టడానికి సోడ. బతుకమ్మ పండుగ ముందు అవ్వ మా ఇద్దరినీ వాకిట్లో కూర్చోబెట్టి ఉప్పూ సోడా కలిపి పండ్లు తోమించేది, చిగుళ్ళు మండితే పండుగ పూట పండ్లు తెల్లగుండాలె గదా అని సముదాయించేది. ఆ పండుగకు సత్తుపిండి, మలీద ముద్దలు, పెద్దలకు పెట్టే పెత్రమాసకు గారెలు, వానలు పట్టినప్పుడు పచ్చి మక్కల గారెలు. ఆ గారెల వాసన నూనెదో మక్కలదో గాని, నాకు మాత్రం బాపు ఇంట్లో ఉన్నాడన్న వాసన.

పొద్దంతా పొయ్యి ముందు నిలబడి, మిగిలిన మిర్చీలే తిని, టీ నీళ్ళ మీద బతికే మనిషికి ఛాతిలో మంట ఉండేది. బండి ఇంటికి తెచ్చి కాళ్ళు కడుక్కొని అరుగు మీద కూర్చునేవాడు. వాకిట్లో నిమ్మచెట్టు ఉండేది, దాని కాయ తెంపి తెచ్చే వంతు నాది. గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో నిమ్మరసం, దాంట్లో మూడు వేళ్ళ సోడ. బుస్సున నురగ లేచి అంచు దాటేది. పొంగు దిగక ముందే గటగట తాగి, పెద్ద తేన్పు తేన్చి, కడుపు మీద చెయ్యి తిప్పుకొని "తగ్గింది" అనేవాడు. మేము ఆ తేన్పు కోసమే కాచుకొని ఉండి పడీపడీ నవ్వేవాళ్ళం. ఆ మాట ఎన్ని వందల సార్లు విన్నానో. మంట వస్తుంది, సోడ తాగితే తగ్గుతుంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ రోగమనుకోలేదు.

నాకు ఎనిమిదో ఏట రోడ్డు వెడల్పు చేశారు, బస్టాండు ముందు బండ్లన్నీ లేపేశారు. బాపు కొన్నాళ్ళు సంతలకు తిప్పి చూశాడు, జరగలేదు. అప్పటికే మా వైపు ఇంటికొకరు దుబాయి బాట పట్టారు. మా వాడకట్టు రాజన్న అక్కడ కట్టడాల పనిలో ఉండేవాడు, ఆయన వెంట బాపూ పోయాడు. వంటపని దొరుకుతుందని పోయి, ఎండలో ఇనుప చువ్వలు మోసే పనిలో చేరాడు. పోయేనాడు బండిని గోడకు ఆనించి తాడుతో కట్టాడు. తర్వాత దాని కింద కోళ్ళు గుడ్లు పెట్టేవి. సోడ సీసను మాత్రం లోపలికి తెచ్చి దేవుని గూట్లో పెట్టాడు, చెమ్మ తగలొద్దని.

దుబాయి నుంచి ఎవరైనా సెలవు మీద వచ్చి తిరిగి పోతున్నారంటే వాళ్ళ ఇంటి ముందు జనం ఉండేవారు. తొక్కు డబ్బాలు, సకినాలు, ఎండు చేపలు, మందుగోలీలు, తెల్లగుడ్డలో కుట్టి పేరు రాసిన మూటలు. ఎవరి మనిషికి వాళ్ళు చేతికిచ్చి పంపేవారు. బాపు పోయిన ఏడాదికి రాజన్న వచ్చి పోతున్నప్పుడు అవ్వ బిస్కెట్లు పంపాలనుకుంది, ఎందుకంటే అవి నెలల తరబడి ఆగుతాయి.

మా దగ్గర బిస్కెట్లు కొనరు, భట్టీకి పోయి చేయించుకుంటారు. మైదా, చక్కెర, డాల్డా, ఇలాచీలు ఎవరివి వాళ్ళే తీసుకుపోవాలి, పిండి కలిపి కాల్చి ఇచ్చేది భట్టీ ఆయన. మసీదు వెనక గల్లీలో ఖాజా మామ భట్టీ ఉండేది. అవ్వ ఆయన్ను అన్నా అని పిలిచేది గనుక మాకు మామ. ఇటుకల గుమ్మటం, లోపల చింత మొద్దుల నిప్పు, మసిబారిన గోడలు, గోడకు నిలబెట్టిన పొడుగు తెడ్లు. రంజాన్ ముందూ ఎండకాలం సెలవుల్లోనూ ఆడవాళ్ళు డబ్బాలు పెట్టుకొని వరుసలో కూర్చునేవారు, ఎవరి బిస్కెట్లు ఎవరివో కలిసిపోకుండా పళ్ళేల మీద కన్నేసి ఉంచేవారు. కాలుతున్న డాల్డా, కరుగుతున్న చక్కెర, ఇలాచీ, కట్టె పొగ, అన్నీ కలిసిన ఆ వాసన గల్లీ మొదట్లోనే ఎదురొచ్చేది. మేం పిల్లలం పని లేకున్నా ఆ దారినే బడికి పోయేవాళ్ళం.

అందరూ అన్నీ తెచ్చుకునేవారు గాని సోడ మాత్రం ఖాజా మామదే. ఆయన ఇత్తడి చెంచా ఒకటి నడుముకు కట్టుకొని ఉండేవాడు, దానితో కొలిచి తన చేత్తోనే వేసేవాడు, ఇంకొకరిని ముట్టనిచ్చేవాడు కాదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా ఆ పొద్దు ఇంట్లోంచి కదిలేటప్పుడు గూట్లోంచి బాపు సోడ సీస తీసి లంగా మడతలో దాచుకున్నాను. బాపు తినే బిస్కెట్లలో బాపు సోడ ఉండాలని నా పంతం.

ఖాజా మామ పెద్ద తాంబాళంలో పిండి పోసి, డాల్డా నలిపి, చక్కెర వేసి కలిపాడు. అవ్వ డబ్బా కడగడానికి నల్లా దగ్గరికి పోయింది. మామ నిప్పు చూడడానికి భట్టీ వెనక్కు పోయాడు. ఆయన సోడ వేయగా నేను చూడలేదు, మరిచిపోయాడనే అనుకున్నాను, మరిచిపోవాలనే కోరుకున్నానేమో కూడా. నా చెయ్యి చూసుకున్నాను. బాపు చెయ్యంత కాలేదు. బాపు మూడు వేళ్ళ చిటికెడు నా చేతికి ఎంతవుతుంది, బండి మీది గిన్నె కన్న ఈ తాంబాళం ఎంత పెద్దది, ఇవన్నీ లెక్క కట్టి రెండు పిడికిళ్ళు తీసి పోశాను. ఎక్కువ పొంగితే ఎక్కువ బిస్కెట్లయితాయి, బాపుకు ఎక్కువ రోజులు వస్తాయి అని కూడా అనుకున్నాను. చేతులు మోచేతుల దాకా పిండిలో పెట్టి కలిపి, సీస మూత బిగించి, ఏమీ ఎరగనట్టు గోడకు ఆనుకొని నిలబడ్డాను.

భట్టీలోంచి పళ్ళెం బయటికి వచ్చేసరికి బిస్కెట్లు లేవు. పరుచుకొని, అంచులు అంచులు కలిసిపోయి, కాలిన బెల్లం రంగులో పగుళ్ళు వేసిన అట్లు ఉన్నాయి. ఖాజా మామ ఒక ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆపి నా వైపు చూశాడు. నా లంగా మడతలో ఉబ్బెత్తుగా ఉన్న సీసను చూశాడు. ఆ ముక్క ఉమ్మేయకుండా మింగాడు. అప్పుడే అవ్వ డబ్బా తుడుచుకుంటూ వచ్చింది.

"భట్టి జర ఎక్కువ కాలింది చెల్లె. కసూర్ నాదే" అన్నాడు.

మళ్ళీ చేయడానికి పొద్దు లేదు, రాజన్న మధ్యాహ్నం బస్సుకే పోతున్నాడు. అవ్వ ముఖం చిన్నబోయింది గాని మామను ఒక్క మాట అనలేదు. మామ కూలి తీసుకోలేదు. పంపే వస్తువు ఎంగిలి కావద్దని అవ్వ నియమం, అందుకని ఒక్క బిస్కెట్టు కూడా ఇంట్లో ఎవరూ రుచి చూడలేదు. చాకుతో విడదీసి, డబ్బాలో పేర్చి, మూత మీద గుడ్డ కుట్టి పంపాము. రుచి నాకు తెలుసు, వేలికంటిన పిండి నాకి చూశాను కదా. సబ్బు. బస్సు కదిలి పోతుంటే పరుగెత్తి ఆపుదామనుకొని కూడా అవ్వ కొంగు పట్టుకొని నిలబడ్డాను.

రెండు నెలల తర్వాత క్యాసెట్టు వచ్చింది. అప్పట్లో ఉత్తరం రాయరానివాళ్ళు మాటలు క్యాసెట్లో పట్టి పంపేవారు. రాజన్న ఇంట్లో టేప్‌రికార్డర్ ముందు మేమంతా చాప మీద కూర్చున్నాం. మొదట గరగర, తర్వాత బాపు దగ్గు, తర్వాత బాపు గొంతు. అందరి మంచీ చెడూ అడిగాడు, ఎండల సంగతి చెప్పాడు, తమ్ముడిని బడి ఎగ్గొట్టద్దన్నాడు. ఆ తర్వాత గొంతులోకి నవ్వు వచ్చింది.

"బిస్కెట్లల్ల సోడ ఎవలేసిన్రో గని, ఒక్కటి తింటె ఛాతిల మంట నిమిషంల తగ్గుతుంది. నిమ్మకాయ గూడ అక్కర లేదు. గా సోడేసినోల్ల చెవి నేనొచ్చినంక పిండుత. గప్పటిదాక చెవి పైలంగ ఉంచుకోమనున్రి."

అందరూ నవ్వారు. నేను తల వంచుకొని చాప ఈనెలు తీస్తూ కూర్చున్నాను. బాపు నన్ను పట్టేశాడు. అంత దూరం నుంచి, నాలుక మీద, నా రెండు పిడికిళ్ళను గుర్తుపట్టాడు. సంతోషం, సిగ్గు, ఏడుపు, ఏది ముందో తెలియలేదు. ఆ రోజు నుంచి ఆయన వచ్చి చెవి పిండే రోజు కోసం చూడడం మొదలుపెట్టాను. కుడి చెవే పిండుతాడనుకొని, స్నానం చేసేటప్పుడు దాన్ని ప్రత్యేకంగా రుద్దుకునేదాన్ని. ఎవరైనా ఆట మీద చెవి పట్టుకోబోతే ఎగిరి దూరం పోయేదాన్ని, అది బాపుదని.

క్యాసెట్టు చివర ఇంకో మాట ఉంది. మళ్ళీ పంపితే అట్లాంటివే పంపమని. అవి తన మంటకు మందు లెక్క ఉన్నాయని.

అవ్వ ఆ మాట పట్టుకుంది. తర్వాత ఎవరో పోతున్నారని తెలియగానే మళ్ళీ భట్టీకి పోయాం. ఈసారి దొంగతనం లేదు, సీస అవ్వ చేతిలోనే ఉంది. సోడ ఎక్కువ వేయాలని చెబితే ఖాజా మామ తాంబాళంలోంచి చేతులు తీసేశాడు.

"సోడ దవా కాదు చెల్లె. దినాం మంటుంటె డాక్టర్‌కు చూపియ్యమను. జర నా మాట ఇను."

"ఆయననే అడిగిండన్నా. మంచిగనిపిస్తుందట."

మామ చేతుల పిండి దులుపుకున్నాడు. నా ఇత్తడి చెంచాతో నేను వెయ్యను, మీరే వేసుకోండి అని పక్కకు జరిగాడు. అవ్వ సీస నా చేతికిచ్చి "ఎయ్యి" అంది. ఎందుకు నాకే ఇచ్చిందో ఆ పూట ఆలోచించలేదు. బాపు కోసం బాపు పని నా చేతికి వచ్చిందని మురిసిపోయాను. రెండు పిడికిళ్ళు, నిండుగా, అందరూ చూస్తుండగా వేశాను.

బతుకమ్మకు తొమ్మిది రోజులుందనగా బజార్లో ఫోన్ బూతు నుంచి మనిషి వచ్చి, దుబాయి ఫోను, అరగంటలో మళ్ళీ చేస్తారట అని చెప్పి పోయాడు. బాపు గొంతు వినబోతున్నానని అవ్వ తల దువ్వుకొని, మంచి చీరె కట్టుకొని పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమెను ఇద్దరు పట్టుకొని తెచ్చారు.

బాపును పెట్టిన పెట్టె రావడానికి ఇరవై రోజులు దాటింది. ఊళ్ళో అందరూ పూలు పేర్చుకున్నారు, పాడుకున్నారు, నీళ్ళలో వదిలారు, మేము పెట్టె కోసం వాకిట్లో కూర్చున్నాం. వచ్చినాక ముఖం ఒక్కటే చూడనిచ్చారు. నేను ఆయన చెయ్యి కోసం చూశాను, ఆ మూడు వేళ్ళ కోసం. గుడ్డ చుట్టి ఉంది. గుండె ఆగిపోయిందని కాగితంలో ఉందట. బాపుకు గుండె జబ్బు ఎప్పుడుందని అవ్వ వచ్చినవాళ్ళందరినీ అడిగింది. ఉన్నది మంటే కదా అంది.

మూడు నెలలకు రాజన్న సెలవు మీద వచ్చి, బాపు బట్టల సంచీ, బిస్కెట్ల డబ్బా తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. డబ్బాలో ఇంకా సగం ఉన్నాయి. కొన్ని వారాలుగా మంట ఎక్కువైందని, ఎడమ భుజం కూడా గుంజుతుందని అనేవాడట. దవాఖానకు పోదామంటే పని పోతుందని, రేపు రేపు అనేవాడట. ఆ పొద్దు పని మీద నుంచి వచ్చి చెమటలు కారుతుంటే మంచం మీద కూర్చొని రెండు బిస్కెట్లు తిన్నాడట.

"నీళ్ళు తాగి ఒక తేన్పు తీసిండు వదినే. మా పిల్ల మందు ఉంది, గిదే తగ్గుతది అని ఒరిగిండు. గంతే, మల్ల లేవలే."

నేను తలుపు వెనక ఉన్నాను. మా పిల్ల మందు. ఆ మూడు మాటలు విన్న ఎనిమిదేళ్ళ, కాదు అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల, ఇప్పటికీ ఆ తలుపు వెనకే నిలబడి ఉంది. ఎన్ని చదువులు చదివినా దాన్ని బయటికి తేలేకపోయాను.

అవ్వ ఏమీ అనలేదు. నా వైపు చూడలేదు కూడా. మరునాడు పొద్దున్నే సీసలో మిగిలిన సోడ తీసుకుపోయి నిమ్మచెట్టు మొదట్లో కుమ్మరించింది. ఆ ఎండకాలానికి చెట్టు ఆకులు అంచుల నుంచి మాడి, కొమ్మ కొమ్మా ఎండిపోయింది. ఆనాటి నుంచి మా ఇంట్లోకి సోడ రాలేదు. ఉప్పునీళ్ళకు పప్పు ఉడకదు కనుక అవ్వ ఊరి చివర మంచినీళ్ళ బాయి దాకా నడిచి రెండు బిందెలు మోసుకొచ్చేది, ఒట్టి పప్పు కోసం. బీడీలు చుట్టి మమ్మల్ని చదివించింది. కోపం చేయలేదు, చెయ్యెత్తలేదు, ఒక్క మాట తూలలేదు. తిట్టినా బాగుండేది. ఆ మౌనంలో నాకు ఒకటే వినపడేది, నువ్వే వేశావు, నువ్వే వేశావు అని.

పదో తరగతిలో సైన్సు సారు తినే సోడ పాఠం చెప్పాడు. దాన్ని కాలిస్తే గాలీ నీటి ఆవిరీ పోయి బట్టలుతికే సోడ మిగులుతుందని బల్ల మీద రాశాడు. పిండిలో తగినంత పెరుగు కలిస్తే ఆ పులుపు సోడాను తినేస్తుంది, చేదు ఉండదని కూడా చెప్పాడు. భట్టీలోంచి వచ్చిన ఆ కాలిన బెల్లం రంగు నా కళ్ళ ముందుకు వచ్చింది. మా బాపు ఉతుకుడు సోడ తిని నవ్వుతూ క్యాసెట్టు పట్టాడన్నమాట. అందరూ పోయినాక సారు దగ్గరికి పోయి, గుండె నొప్పి సోడాతో తగ్గుతుందా సార్ అని అడిగాను.

"గుండెకు దానికి సంబంధమే లేదమ్మా. తేన్పు వస్తది, మనిషి తగ్గిందనుకుంటడు. గంతే" అన్నాడు.

తగ్గిందనుకుంటాడు. తగ్గింది అనుకోవడం కోసమే నేను రెండు పిడికిళ్ళు వేశాను. ఆ తర్వాత నేను సైన్సే చదివాను, ఆ పాఠమే చెప్పుకొని బతుకుతున్నాను. బొగ్గుపులుసు గాలి పాఠం వచ్చినప్పుడు పిల్లలు గ్లాసులూ నిమ్మకాయలూ తెచ్చుకుంటారు, నురగ పొంగితే కేకలు వేస్తారు. వాళ్ళ చేతనే చేయిస్తాను, నేను ముట్టను. ఛాతిలో నొప్పి వస్తే ఇది తాగించి కూర్చోవద్దు, దవాఖానకు తీసుకుపోవాలి అని ప్రతి ఏడూ ప్రతి తరగతికీ చెబుతాను. పరీక్షకు అది రాదు మేడం అంటారు. రాయండి అంటాను.

అవ్వ చివరి ఏళ్ళలో కరీంనగర్లో నా దగ్గరే ఉంది. ఆమె పోయే ముందటి వానకాలంలో ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది, ఏమనిపించిందో మిర్చీలు చేసి పెట్టమంది. చేశాను. ఒకటి కొరికి పళ్ళెంలో పెట్టింది.

"సోడెయ్యలేదా?"

ముప్పై ఏళ్ళు దాటింది ఆమె నోట ఆ మాట విని. లేదవ్వా అన్నాను.

"ఎయ్యాలె గదా బిడ్డా. సోడ లేంది మిర్చి ఎట్లయితది" అని కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు, ఖాజన్న వద్దన్నడు అంది. వద్దన్నా తనే వేయించానని, రెండో డబ్బా పంపకుంటే మంట ఆగక దవాఖానకు పోయేవాడేమోనని, అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అదే గుర్తొస్తుందని చెప్పింది. ఇన్నేళ్ళూ నన్ను తప్పు పడుతున్నదనుకున్న మౌనం, తనను తాను తిట్టుకునే మౌనం. ఒకే ఇంట్లో, ఒకే పళ్ళెం ముందు, ఇద్దరం ఒకే రాయిని చెరో మూలా మోస్తూ ఉన్నాం. ఒక్క పూట నోరు విప్పి ఉంటే.

"మొదటిసారి ఏసింది నేనే అవ్వా" అన్నాను.

"ఎర్కే. సీస మూతకు నీ పిండి వేళ్ళ అచ్చులు అంటుకొని ఉండె. మీ బాపుకు గూడ ఎర్కే, గందుకే చెవి మాటన్నడు."

ఇప్పుడు ఖాజా మామ లేడు. భట్టీ ఉన్న చోట సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. బిస్కెట్లు చేయించుకోవడం పోయింది, డబ్బాకు గుడ్డ కుట్టడం పోయింది. దుబాయి మనుషులు రోజూ ఫోన్‌లో ముఖం చూపిస్తున్నారు. పెట్టెలు మాత్రం ఇంకా వస్తున్నాయి. బాపు క్యాసెట్టు నా దగ్గరే ఉంది, పెట్టి వినడానికి టేప్ లేదు, ఎక్కడన్నా దొరికినా వినడానికి ధైర్యం లేదు, ఆ పట్టీ తెగిపోతే ఆ నవ్వు కూడా పోతుంది. సీసను కడిగి వంటింటి కిటికీలో పెట్టాను. మెడ దగ్గరి తెల్లటి పొరను మాత్రం కడగలేదు.

మిర్చీలు చేసిన ఆ మధ్యాహ్నం, చెవి మాట చెప్పినాక, అవ్వ నన్ను దగ్గరికి రమ్మంది. పోయి మంచం పక్కన కింద కూర్చున్నాను. ఆమె చెయ్యి చాపి, నా నెరిసిన వెంట్రుకలు పక్కకు తీసి, నా కుడి చెవి పట్టుకుంది.

"మీ బాపు పని, నా మీద పడ్డది" అని మెల్లగా పిండింది.

వేళ్ళలో బలం లేదు. పట్టుకున్నట్టే లేదు.

"ఇంకా గట్టిగ అవ్వా" అన్నాను.